లంకరాణి రాగంలో తొమ్మిది సెకన్లు

2023 వర్షాకాలం. కొత్తపేటలో మా ఇంటి మేడమీద గది. కిటికీలు మూసేసి, వాటిమీద పాత బొంతలు వేలాడదీసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో కూడా తెలియదు. నా ఉద్యోగం ఆ గదిలోనే. ఎవరైనా ఏం చేస్తారని అడిగితే "సినిమా సంగీతానికి రాతపని చేస్తానండీ" అంటాను. వెంటనే "పాటలు రాస్తారా?" అని మొహం వెలిగించుకుంటారు. కాదనగానే ఆ వెలుగు ఆరిపోతుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఒక్కరు కూడా రెండో ప్రశ్న వెయ్యలేదు.

మీరు వేశారనుకుని చెబుతాను. సంగీత దర్శకుడు తన కంప్యూటర్ మీద కీబోర్డుతో ఒక నమూనా వాయించి పంపుతారు. దాన్ని మాకప్ అంటాం. అది విని, ఏ వాద్యం ఏ స్వరాన్ని ఎంతసేపు, ఎంత మెత్తగా వాయించాలో గీతల మీద రాయడం నా పని. అందరి భాగాలూ ఒకచోట కనబడేలా రాసింది స్కోర్. అందులోంచి ఒక్కొక్కరికి విడదీసి ఇచ్చేది పార్ట్. ఎక్కడో యూరప్‌లో ఒక హాల్లో అరవైమంది కూర్చుని, నేను రాసిన పార్టులు చూసి వాయిస్తారు. వాళ్ళకు నేనెవరో తెలియదు. నేనూ వాళ్ళను ఫోన్ తెరమీద తప్ప చూసింది లేదు.

ఈ విద్య మద్రాసులో నేర్చుకున్నాను. అక్కడ నాకు నేర్పిన మేష్టారు ఒకే మాట అనేవారు: "వినపడింది రాయి, వినపడనిది రాయకు." ఆ మాట పట్టుకునే బతికాను. పని ఇంటర్నెట్టులోకి వచ్చేశాక మద్రాసు అద్దెలు దేనికని సొంతూరు వచ్చేశాం. మా ఆయనకు ఇక్కడ పని కుదరక మస్కట్ వెళ్ళారు. పన్నెండేళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కర్ ఒక్కటేనని ఒకసారి ఫోన్లో నవ్వుతూ అన్నాను. ఆయన నవ్వలేదు. మా వృత్తిలో దీన్ని ఒంటరితనం అనరు, ఏకాగ్రత అంటారు.

ఆ ఆగస్టులో హైదరాబాద్ నుంచి కార్తీక్ గారు ఫోన్ చేశారు. ముప్పై అయిదేళ్ళ సంగీత దర్శకుడు, అంతకుముందు మూడు సినిమాలకు ఆయనకు రాశాను. "పద్మగారూ, మీ ప్రాంతపు నాటకం ఒకటి సినిమాగా తీస్తున్నాం. 'లంకరాణి' తెలుసా?" అన్నారు.

తెలియకేం. గోదావరి పాయల మధ్య ఉండే మా లంక గ్రామాల్లో ఒకప్పుడు ఆడిన పద్యనాటకం. ఒక బడిపంతులు రాశారట, అచ్చు కాలేదు. ఏటికి అవతల యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఒక రాణి ఎదురుచూసి, చూసి, చివరన ఒక పద్యం పాడుతుంది. కథ అంతే. పద్యనాటకానికి కథ కోసం ఎవరూ వెళ్ళరు, రాగం కోసం వెళతారు. పద్యం అయిపోయాక చివరి అక్షరాన్ని పట్టుకుని నటులు చేసే ఆలాపనను రాగం తియ్యడం అంటారు. అది జనానికి నచ్చిందా, ఈలలు, "వన్స్‌మోర్" అనే కేకలు. మళ్ళీ పాడితే గానీ కథ ముందుకు నడవదు.

ఆ రాణి వేషం వేసినావిడ మాణిక్యం గారు. ఆ చివరి పద్యానికి ఆవిడ నలభై రెండు సెకన్ల రాగం ఒకే ఊపిరిలో తీసేవారని ప్రతీతి. 'ఒక్క ఊపిరి మాణిక్యం' అనే చుట్టుపక్కల ఊళ్ళన్నీ పిలిచేవి. పాత క్యాసెట్ ఒకటి దొరికిందని, అది విన్నాకే సినిమా తియ్యాలని దర్శకుడు నిర్ణయించుకున్నాడని కార్తీక్ చెప్పారు.

"సినిమా అంతా ఆర్కెస్ట్రా మోగుతూనే ఉంటుంది పద్మగారూ. ఆ పద్యం దగ్గరికి వచ్చేసరికి అరవైమందీ ఆగిపోతారు. గొంతు ఒక్కటే. ఒకటే ఊపిరి. అది అయిపోయిన చోట అందరూ అందుకుంటారు. సినిమాకి ప్రాణం అదే."

"బావుందండీ. ఎవరు పాడుతున్నారు?"

"మేఘన అని కొత్తమ్మాయి. చిక్కల్లా ఇరవయ్యారో సెకను దగ్గర ఆగిపోతోంది. రెండు ముక్కలు పాడించి కంప్యూటర్లో అతికించొచ్చు. కానీ ఆ అతుకు నాకు తెలిసిపోతూ ఉంటుంది. ఆవిడ ఊపిరి ఎక్కడెలా పొదుపు చేశారో మీరు కనిపెట్టి రాసివ్వండి. ఆర్కెస్ట్రాకి మూడు వారాల్లో రికార్డింగ్."

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫైలు వచ్చింది. వేదిక మీద వేలాడదీసిన ఒకే మైకుకు దొరికినదంతా అందులో ఉంది: దగ్గులు, జనరేటర్ చప్పుడు, పిల్లల ఏడుపు. వాటి మధ్యలోంచి ఆ గొంతు. మొదటిసారి విన్నప్పుడు రాయడానికి తీసిన పెన్సిల్ కింద పెట్టేశాను. తారస్థాయి షడ్జమం మీదికి ఎక్కి ఆవిడ అక్కడ నిలబడితే, నాకు మస్కట్ గుర్తొచ్చింది.

రెండోసారి నుంచి పనిలో పడ్డాను. వేగం సగానికి తగ్గించాను, పావుకు తగ్గించాను. శబ్దాన్ని తెరమీద బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అందులో గొంతు ఒకలా, హార్మోనియంలాంటి రీడ్ వాద్యం ఒకలా కనబడతాయి. మూడో రోజు మధ్యాహ్నానికి విషయం తేలింది. ఇరవయ్యారో సెకను దగ్గర గొంతు ఆగిపోయింది. ఆగిన చోట ఆ షడ్జమాన్ని హార్మోనియం పట్టుకుని ఉంది. మామూలు హార్మోనియంలా కాదు, గొంతులాగే కాస్త వణుకుతూ, కాస్త ఉబ్బుతూ. తొమ్మిది సెకన్ల తర్వాత గొంతు మళ్ళీ అందులోంచే బయటికొచ్చి కిందికి దిగింది. మామూలు చెవికి అది ఒక్క ఊపిరే.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. పేరంతా ఆవిడకి, తొమ్మిది సెకన్లు ఎవరివో. రాతపని చేసేవాళ్ళం మేం ఇలాంటివి ఓర్చుకోలేం. మాణిక్యం గారి నాటక ట్రూపులో హార్మోనియం ఎవరని నలుగురిని అడిగితే సూర్రావుగారని, పలివెలలో ఉంటారని తెలిసింది.

మర్నాడు ఉదయం స్కూటీ మీద వెళ్ళాను. ఒంటిగది ఇల్లు. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. గదిలో మంచం, స్టవ్వు, బాగుచెయ్యడానికి విప్పి పెట్టిన రెండు భజన హార్మోనియంలు. ఒక మూల గుడ్డ కప్పిన లెగ్ హార్మోనియం, అంటే కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులా వాయించేది. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి ఆయన మంచం మీద కూర్చున్నారు.

"లంకరాణి రాగం గురించి వచ్చానండీ. మాణిక్యం గారి రాగం."

"ఆయ్. గొప్ప రాగమండి. ఒక్క ఊపిరి."

"ఒక్క ఊపిరి కాదు కదండీ."

"నాకేం తెల్దండి. నేను హార్మనీ వాయించేవాణ్ణి, అంతే."

ల్యాప్‌టాప్ తెరిచి ఆ క్యాసెట్ ఫైలు పెట్టాను. ఆయన గోడకేసి చూస్తూ విన్నారు. మొహంలో ఏమీ లేదు. కానీ కుడికాలు నేలమీద తొక్కడం మొదలుపెట్టింది. ఇరవయ్యారో సెకను వచ్చేసరికి ఆ కాలి వరస మారింది. చిన్న చిన్న అదిలింపులు, తొమ్మిది సెకన్లపాటు. తర్వాత మళ్ళీ మామూలుగా. నేను ఆ కాలినే చూస్తున్నానని ఆయన ఆలస్యంగా గమనించారు.

"పట్టేసేరండి మీరు" అన్నారు.

ఆ తర్వాత ఆయనే చెప్పారు. "ఒక ఏడు ఆవిడ జొరం నించి లేచి వారం కూడా కాలేదండి. నాటకం ఒప్పేసుకున్నాం, మానడానికి లేదు. ఆ చివరి రాగంలో ఊపిరాగిపోయింది. జనం ఈల వెయ్యడానికి నోట్లో వేళ్ళెట్టుకునున్నారు. నాకేం తోచలేదండి, ఆ షడ్జమం అలా పట్టేసేను. గొంతులాగా ఉంటుందని కాలు అదిలించేను. ఆవిడ అటు తిరిగి ఏటికేసి చూస్తున్నట్టు నిలబడ్డారు. ఊపిరొచ్చేక అందులోంచే వచ్చి కలిసేరు. ఆ రోజు రెండుసార్లు వన్స్‌మోర్ పడిందండి."

"తర్వాత?"

"తరవాత పద్దెనిమిదేళ్ళు అలాగే జరిగిపోయిందండి."

"ఆవిడకి తెలుసా?"

"తెలీదనే అనుకుంటన్నానండి. స్టేజీమీద ఉన్నోళ్ళకి వాళ్ళ గొంతు తప్ప ఏం వినపడదు. ఆవిడ ఎప్పుడూ అన్లేదు, నేను అడగలేదు."

"మీరైనా చెప్పాల్సింది కదండీ."

"ఏమని చెప్పాలమ్మా? మీ పేరులో కాస్త ముక్క నాదీ అనా?" అని నవ్వారు. తర్వాత నవ్వు మానేసి రెండు చేతులూ జోడించారు. "ఇది కాయితం మీద పెట్టకండమ్మా. ఆవిడకి మిగిలిందల్లా ఆ ఊపిరి పేరొక్కటే. ఊళ్ళో నలుగురూ దండం పెడుతున్నారంటే దానికే."

"మరి మీకేం మిగిలిందండీ?"

"ఆవిడకి తెలీకుండా అందులో నేనున్నాను కదండి. నాకది చాలు."

తిరిగి వస్తూ దారి పొడుగునా ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. ఆయన జీవితంలో చేసిన గొప్ప పని ఆ తొమ్మిది సెకన్లు. అది ఇప్పుడు రాయకపోతే ఇక ఎప్పటికీ లేనట్టే. రాస్తే ఒక ముసలావిడ పేరు పోతుంది. వినపడింది రాయమన్న మేష్టారు ఇలాంటి చోట ఏం చెయ్యాలో చెప్పలేదు.

చివరికి నేనొక తెలివితక్కువ తెలివి చూపించాను. కార్తీక్‌కు ఫోన్ చేసి, "మేఘనని ఇరవయ్యారో సెకను దగ్గర ఆగిపోనివ్వండి. అంతకు ఒక సెకను ముందే ఒక క్లారినెట్ అదే షడ్జమంలో కింద నుంచి వస్తుంది. నియెంతే అని రాస్తాను" అన్నాను. నియెంతే అంటే ఏమీ లేని చోటు నుంచి మొదలవడం. వాద్యం ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియకూడదు. "తొమ్మిది సెకన్లు అది పట్టుకుంటుంది, అమ్మాయి ఊపిరి తీసుకుని మళ్ళీ అందులోంచి వస్తుంది."

"అద్భుతం! ఇది మీ ఆలోచనేనా?"

నేను "ఊఁ" అన్నాను. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ అనలేదు.

రికార్డింగ్ రోజు అందరం ఇంటర్నెట్‌లో కలిశాం. హైదరాబాద్‌లో కార్తీక్, యూరప్‌లో ఆర్కెస్ట్రా, కొత్తపేటలో నేను. ఆ ముక్క రెండోసారికే కుదిరింది. క్లారినెట్ ఆయన వాయిద్యం దించి ఏదో అడిగాడు. ఇది ఎవరికి తట్టిందని అడుగుతున్నాడని ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చెబితే, కార్తీక్ నా పేరు చెప్పారు. వెంటనే వయొలిన్లవాళ్ళంతా తమ కమాన్లతో ఎదురుగా ఉన్న స్టాండ్లను టకటకా తట్టారు. వాళ్ళ లెక్కలో అవి చప్పట్లు. ఇరవై ఏళ్ళలో నాకు మొదటిసారి ఎవరైనా చప్పట్లు కొట్టడం. నేను మైకు, కెమెరా ఆపేసి ఏడ్చాను. దొంగ సొత్తు అందరి ముందూ చేతిలో పెట్టి మెచ్చుకున్నట్టుంది. చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి కూడా లేదు.

వారం తర్వాత మేఘన గొంతూ ఆర్కెస్ట్రా కలిపిన కచ్చా మిక్స్ పంపి, మాణిక్యం గారికి వినిపించి ఆశీర్వాదం తీసుకోమన్నారు కార్తీక్. ముక్తేశ్వరంలో అక్క కూతురి ఇంట్లో ఉంటున్నారావిడ. డెబ్భై ఆరేళ్ళు. పొడుగ్గా, వంగని నడుముతో ఉన్నారు కానీ నాలుగు మాటలకొకసారి ఆయాసం. ఉబ్బసం పట్టుకుని పదేళ్ళయిందట. గోడమీద వరసగా సన్మానపత్రాలు. ప్రతిదానిలోనూ 'ఒక్క ఊపిరి' ఉంది. అక్క కూతురు పొలం వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే.

హెడ్‌ఫోన్లు పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నారు. ఆర్కెస్ట్రా ఆగింది, మేఘన గొంతు షడ్జమం ఎక్కింది. ఇరవయ్యారో సెకను దాటగానే మాణిక్యం గారు కళ్ళు తెరిచి చెయ్యి పైకెత్తారు. ఆపేశాను.

"సూర్రావుగారు లేరేంటమ్మా ఇక్కడ?"

నేను ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాను.

"ఎవరో పట్టేరు. చక్కగానే పట్టేరు. ఆయన పట్టు కాదిది."

"మీకు తెలుసాండీ?"

"తెలీకపోడమేంటమ్మా! ఊపిరాగింది నాకు. నా గొంతు ఆగిందో లేదో నాకు తెలీదూ?" అని ఆయాసంలోనే నవ్వారు. "అటు తిరిగి నిలబడి ఆయన వాయించింది వినేదాన్ని. రాగంలో నాకు బాగా ఇష్టమైంది అదేను."

"మరి ఆయనతో ఎప్పుడూ అనలేదేం?"

"అంటే ఏమవుద్ది? ఆయన అసలే మొహమాటస్తులు. నాకు తెలిసిందని తెలిస్తే సిగ్గుపడి మానేద్దురు. అక్కడికొచ్చేసరికి ఆయనున్నారులే అనే ధైర్యంతోనే కదా అంత దూరం పోయేదాన్ని." కాసేపు ఊపిరి అందనిచ్చి మళ్ళీ అన్నారు. "ఎక్కడున్నారమ్మా ఇప్పుడు?"

"పలివెలలోనండీ."

"ఇంత దగ్గర్లోనే!" అన్నారు. ట్రూపు ఆగిపోయిన రోజున ఎవరి పెట్టె వాళ్ళు సర్దుకుని వెళ్ళారట. తర్వాత ఒకరినొకరు చూడలేదు. ఎవరూ కబురు పెట్టలేదు. ఏ వంక పెట్టుకుని పెట్టాలో ఇద్దరికీ తెలియలేదనుకుంటాను.

ఆవిడ అడిగితే కార్తీక్‌కు ఫోన్ కలిపి ఇచ్చాను. "బాబూ, ఆ మధ్య ముక్క నాది కాదు. మా హార్మోనిస్టు సూర్రావుగారిది. ఈ ఒక్క ఊపిరి బిరుదులూ గట్రా అన్నీ ఇద్దరివీని. ఆయన లేకుండా ఆ రాగం వెయ్యకండి. వేస్తే అది నా రాగం కాదు" అన్నారు. గోడమీది సన్మానపత్రాలను ఒక్కసారి కూడా చూడలేదు. నా కళ్ళు మాత్రం వాటి మీదే ఉన్నాయి.

ఫోన్ నా చేతికి వచ్చాక కార్తీక్ నెమ్మదిగా అడిగారు. "మీ ఆలోచన అన్నారు కదా పద్మగారూ?"

"అబద్ధం చెప్పానండీ. ఆయన రాయొద్దన్నారు. రాయకుండా ఉండలేక, నాదన్నాను."

"ఫైనల్ మిక్స్‌కి పది రోజులుంది. క్లారినెట్ తీసేసి ఆయనది పెడదాం. ఆయన్ని వాయించమనండి" అన్నారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ముక్తేశ్వరం నుంచి నేరుగా పలివెల వెళ్ళాను. సంతోషవార్త తెచ్చానని నా ధీమా. మంచం మీద కూర్చుని విన్న సూర్రావుగారు చేతిలోని రీడు పక్కన పెట్టారు.

"చెప్పేసేరా!"

"నేను చెప్పలేదండీ. ఆవిడకి మొదటి రోజు నుంచే తెలుసట."

"మొదటి రోజునించా?" చాలాసేపు చేతులకేసి చూసుకున్నారు. "అయితే ఇన్నేళ్ళూ నేను దాచుకున్నదేవీ లేదన్నమాట. ఉత్త డబ్బా దాచుకుని కూచున్నానండి."

ఆవిడ మెచ్చుకున్నారని, ఆయన వాయించాలని పట్టుబట్టారని చెప్పాను. ఆయనకేదీ ఎక్కలేదు. "మీరెళ్ళిరండమ్మా" అని లేచి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ మనిషికి తోడుగా ఉన్న ఒక్కదాన్నీ నేను లాగేశాను. ఇంటికి వెళ్ళి అన్నం వండుకోకుండా పడుకున్నాను.

మూడో రోజు ఉదయం వీధిలో ఆటో ఆగింది. అందులోంచి లెగ్ హార్మోనియం దిగింది, వెనక సూర్రావుగారు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. "ఎక్కడెట్టమంటారండి?" అన్నారు, అంతకుముందు ఏమీ జరగనట్టే.

మేడమీదికి ఎక్కించడం ఆటో ఆయనా నేనూ కలిసి చేశాం. మైకు పెట్టి, ఆయనకు హెడ్‌ఫోన్లు తగిలించి, ముందు చెయ్యి తిరగడానికని పాత క్యాసెట్ వినిపించాను. ఆ షడ్జమం మొన్ననే వాయించినట్టు పట్టేశారు. తర్వాత మేఘన గొంతు పెట్టాను. కుదరలేదు. నాలుగుసార్లు చేశాం. ప్రతిసారీ హార్మోనియం వచ్చిన సంగతి చెవికి తెలిసిపోతోంది.

"ఈ పాప ఊపిరి నాకు తెలీదండి" అన్నారు.

నేను స్కోర్ చూపించాను. "ఇదిగోండీ, సరిగ్గా ఇరవయ్యారో సెకనుకి ఆగుతుంది. నేను రాసే పెట్టాను."

"ఎక్కడాగుద్దో తెలిస్తే సరిపోదండి. ఆగబోయే ముందు ఆ మనిషికి ఎలా ఉంటుందో తెలవాలి. మాణిక్యం గారికైతే షడ్జమం చివర కాస్త గొంతు తడారేది. అది వినగానే నా కాలు దానంతటదే కదిలేది. ఈ పాప పాడినవన్నీ ఉంటే తెప్పించండి. బాగా పాడినవే కాదు, పాడు చేసినవి కూడాను."

కార్తీక్ ముప్పై ఒక్క టేకులు పంపారు. టేక్ అంటే ఒకసారి పాడించి పట్టినది. అందులో దగ్గులున్నాయి, "సారీ సార్" అనడాలున్నాయి, మధ్యలో మంచినీళ్ళు అడగడాలున్నాయి. సూర్రావుగారు నాలుగు రోజులు పొద్దున్నే బస్సులో వచ్చి, నా గదిలో కుర్చీ వేసుకుని అవే విన్నారు. హార్మోనియం ముట్టుకోలేదు. నా పక్క బల్ల దగ్గర నేను వేరే సినిమా పార్టులు రాసుకుంటూ ఉండేదాన్ని. గదిలో ఇంకో మనిషి గాలి పీల్చి వదలడం వినిపిస్తుంటే మొదటి రోజు పని సాగలేదు. రెండో రోజు నుంచి అది లేకపోతే ఎలా అనిపించింది.

మధ్యాహ్నం ఇద్దరికీ వండేదాన్ని. గోంగూర పప్పు, వంకాయ, చారు. ఆయన రెండుసార్లు మారు వడ్డించుకుని "ఉప్పు సరిపోయిందండి" అనేవారు, నేను అడగకుండానే. మూడో రోజు నేను ఆగకుండా మాట్లాడుతున్నానని నాకే తెలిసింది. మద్రాసు, మేష్టారు, మా ఆయన ఫోన్లు, యూరప్ వాళ్ళ చప్పట్లు, నా "ఊఁ" అన్నీ చెప్పేశాను. ఆయన మజ్జిగ తాగి, "ఆ చప్పట్లు ఉంచుకోండమ్మా. మీరు వినబట్టే కదా ఇదంతా" అన్నారు. అంత తేలిగ్గా వదిలేస్తారని అనుకోలేదు.

నాలుగో రోజు పదకొండు గంటలకు హెడ్‌ఫోన్లు తియ్యకుండానే చెయ్యి ఊపారు. "ఆ పాపకి ఊపిరైపోయే ముందు గొంతు కాస్త చప్పబడతాదండి. దొరికింది. పట్టండి."

రికార్డ్ నొక్కాను. ఒక్కసారే వాయించారు. తర్వాత వింటే, ఎక్కడ గొంతు ఆగి ఎక్కడ హార్మోనియం మొదలైందో నాకు తెలియలేదు. తెరమీద బొమ్మలో చూస్తే కనబడుతోంది. కళ్ళు మూసుకుంటే లేదు. ఇన్నేళ్ళ నా చెవి ఓడిపోయింది, నాకు గర్వంగా ఉంది.

"మాణిక్యం గారికి ఫోన్ కలపనాండీ? మాట్లాడతారా?" అన్నాను.

"వద్దండి. వినిపించండి, చాలు."

ఆటో వచ్చి హార్మోనియం ఎక్కించుకుంది. ఆయన వెళ్ళిపోయాక మేడమీద గది తలుపు తెరిచే ఉంచాను. మధ్యాహ్నానికి అలవాటున రెండు గ్లాసుల బియ్యం పోశాను. అది కడిగేటప్పుడు గానీ తెలియలేదు. ఆ రోజు నేను పడ్డ బెంగ అంతకుముందు పన్నెండేళ్ళలో కూడా పడలేదు. అప్పటిదాకా ఏం పోయిందో తెలియక ఊరుకున్నానేమో.

రెండు రోజుల తర్వాత కొత్త మిక్స్ తీసుకుని ముక్తేశ్వరం వెళ్ళాను. మాణిక్యం గారు ఈసారి హెడ్‌ఫోన్లు తనే పెట్టుకున్నారు. మేఘన గొంతు షడ్జమం ఎక్కింది. ఇరవయ్యారో సెకను వచ్చింది. మాణిక్యం గారు మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆయాసపడే ఆ మనిషి నింపాదిగా, నిండుగా ఒక్క ఊపిరి తీసుకోవడం నేను చూశాను.

"ఆయ్. ఉన్నారు" అన్నారు.

సినిమా వచ్చింది, కొన్నాళ్ళు ఆడి పోయింది. చివర పైకి పోయే పేర్లలో 'హార్మోనియం' అని ఆయన పేరు వచ్చింది. సూర్రావుగారూ మాణిక్యం గారూ కలుసుకున్నారా అని చాలామంది అడిగారు. నాకు తెలిసి లేదు.

నా పని పద్ధతి మాత్రం మారింది. స్కోర్‌లో గొంతు ఊపిరి తీసుకునే చోట గీతల పైన చిన్న కామాలాంటి గుర్తు పెడతాం. ఇదివరకు ఆ గుర్తు పెట్టేసి ముందుకు పోయేదాన్ని. ఇప్పుడు అక్కడ ఆగి, ఆ క్షణంలో స్వరం పట్టుకుని ఉన్నవాళ్ళు ఎవరో పేజీ అంతా కిందిదాకా చూస్తాను. ఎవరూ లేకపోతే ఒకరిని రాస్తాను.